ఒళ్ళు ఆలస్యంగా గుర్తొచ్చింది

అమెరికాలో రాష్ట్రాల మానసిక ఆరోగ్య శాఖాధిపతుల సంఘం 2006లో ఒక నివేదిక వెలువరించింది. ప్రభుత్వ వైద్యం పొందుతున్న తీవ్ర మానసిక రోగులు మిగతా జనం కంటే సగటున 25 ఏళ్ళు ముందే చనిపోతున్నారని అందులో తేలింది. ఆత్మహత్యలూ ఉన్నాయి గాని, ఎక్కువమందిని పొట్టనబెట్టుకున్నవి గుండెజబ్బు, షుగరు, ఊపిరితిత్తుల జబ్బుల వంటివి. తమ జబ్బును తామే చూసుకోవడం ఎలాగో ఇలాంటివాళ్ళకు నేర్పడం మొదలై అప్పటికే 70 ఏళ్ళు కావస్తోంది. ఆ పాఠాల్లో ఒంటి ఊసు దాదాపు లేదు.

పాఠాలు మొదలైంది చికాగోలో. 1937లో డాక్టర్ అబ్రహాం లో, ఆసుపత్రి నుంచి ఇంటికెళ్ళిన రోగులను కూడగట్టి 'రికవరీ' అనే సంస్థ పెట్టాడు. అందరూ కలిసి కూర్చుని, ఈమధ్య తమను కుదిపేసిన ఒక చిన్న సంగతి చెప్పుకోవాలి; మనసును ఎలా అదుపు చేసుకున్నారో వివరించాలి. 1950లో అచ్చయిన ఆయన పుస్తకం పేరులోనే సంకల్పబలానికి శిక్షణ అన్న మాట ఉంది. తమాషా ఏమిటంటే, స్వయంసహాయం అంటూనే రోగనిర్ణయం మాత్రం డాక్టరుకే వదిలేయమన్నాడు. 1954లో ఆయన పోయాక సంస్థను నడుపుకున్నది మాత్రం ఒకప్పటి రోగులే.

డాక్టరు పెత్తనాన్నే ప్రశ్నించే గొంతులు 1970లలో లేచాయి. ఆసుపత్రి నిర్బంధాన్ని అనుభవించిన జూడీ చాంబర్లిన్ 1978లో రాసిన పుస్తకం ఆ ఉద్యమానికి కరదీపిక అయింది. అదే గాలిలోంచి వచ్చింది మేరీ ఎలెన్ కోప్‌లాండ్ 'ర్యాప్' అనే కోలుకునే ప్రణాళిక. మూడ్ జబ్బుతో నలిగిన ఈమె, తనలాంటివాళ్ళు రోజులు ఎలా నెట్టుకొస్తున్నారో వాళ్ళనే అడిగి తెలుసుకుంది. 1997లో వెర్మాంట్‌లో కొందరు కలిసి దానికి రూపమిచ్చారు. రోజూ చేయాల్సిన పనులు, మనసును కెలికే సంగతులు, జబ్బు తిరగబెడుతోందనడానికి తొలి గుర్తులు, చెయ్యిదాటితే ఎవరిని పిలవాలి, ఏ మందు వద్దు... ఇవన్నీ నిలకడగా ఉన్నప్పుడే రోగి తన చేత్తో రాసుకుంటాడు. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని ముందస్తు ఆదేశం ఈ కాగితానికి దగ్గరి చుట్టమే.

కొద్దికాలానికే కిమ్ మ్యూసర్, సూసన్ జింజరిచ్ తదితరులు 'ఐఎమ్ఆర్' అనే మరో శిక్షణ తయారుచేశారు. ఇందులో పాఠం చెప్పేది శిక్షణ పొందిన ఉద్యోగి. మందులు క్రమం తప్పకుండా వేసుకోవడం, జబ్బు తిరగబెట్టకుండా చూసుకోవడం దీని లక్ష్యాలు; నెలల తరబడి సాగుతుంది. 'ర్యాప్' ఎనిమిది వారాల్లో ముగుస్తుంది, నడిపేది అదే బాధ పడ్డవాళ్ళు. ఒహాయోలో 519 మందిపై జరిపిన పరీక్షలో, 'ర్యాప్' నేర్చినవాళ్ళకు లక్షణాలు తగ్గాయి, ఆశ పెరిగింది. ఫలితాలు 2012లో వెలువడ్డాయి. నాకు మాత్రం రెంటికీ అసలు తేడా సిలబస్‌లో కాదు, పాఠం చెప్పే కుర్చీలో ఎవరున్నారన్నదాంట్లో కనిపిస్తుంది.

ఈలోగా మందులు మారాయి. క్లోజపిన్, ఒలాంజపిన్ వంటివి భ్రమలను అణిచాయి గాని బరువును విపరీతంగా పెంచాయి, షుగరును దగ్గరచేశాయి. మనసు డాక్టరు ఒంటిని చూడడు, ఒంటి డాక్టరు ఈ రోగి చెప్పేది సరిగా వినడు.

ఒంటి జబ్బులకు పాఠం వేరేచోట సిద్ధంగానే ఉంది. స్టాన్‌ఫర్డ్‌లో కేట్ లోరిగ్ కీళ్ళవాతం రోగులతో మొదలుపెట్టి, గుండె, ఊపిరితిత్తుల రోగులకూ విస్తరించిన ఆరు వారాల శిక్షణ అది. చెప్పేవాళ్ళూ రోగులే. అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయానికి చెందిన బెంజమిన్ డ్రస్ బృందం దాన్ని మానసిక రోగులకు తగ్గట్టు మలిచి 'హార్ప్' అని పేరుపెట్టింది. చేతిలో డబ్బు లేనివాడికి పళ్ళు, కూరగాయలు తినమని చెప్పి ఏం లాభం? అందుకే తక్కువ ఖర్చులో తిండి ఎలా అన్నదీ పాఠంలో చేర్చారు. 2010లో వెలువడిన 80 మంది పరీక్షలో, ఆరు నెలల్లో ఒక్కసారైనా మామూలు డాక్టరు దగ్గరికి వెళ్ళినవాళ్ళు 68 శాతం; శిక్షణ లేనివాళ్ళలో 52. ఇది అట్లాంటాలో పుట్టడం కాకతాళీయం కాదనుకుంటాను. తోటి రోగుల సేవకు పేదల ప్రభుత్వ వైద్య పథకమైన మెడికెయిడ్ నుంచి జీతం ఇప్పించిన మొదటి రాష్ట్రం, అట్లాంటా ఉన్న జార్జియాయే, 1999లో.

మేరీలాండ్‌లో గెయిల్ డౌమిట్ బృందం దారి వేరు. రోగులు పగటిపూట వచ్చే పునరావాస కేంద్రాల్లోనే సిబ్బందితో వ్యాయామం చేయించి, తిండి పాఠాలు చెప్పించింది. 2013లో ఫలితాలు వచ్చాయి: 291 మంది, 18 నెలలు, రెండు గుంపుల మధ్య బరువులో 3.2 కిలోల తేడా. చిన్న అంకెలాగే ఉంటుంది. కాని బరువు తగ్గించే శిక్షణల్లో మొదట తగ్గి, తర్వాత తిరిగి పెరగడం మామూలు. ఇక్కడ చివరి నెలల దాకా తగ్గుతూనే వచ్చింది.