మెడ ధమనులలోని పూడిక

మెడకు ఒక ప్రక్క, దవడకు దిగువగా వ్రేళ్ళతో మెల్లగా తాకి చూస్తే నాడి కొట్టుకోవడము తెలుస్తుంది. మెదడుకు రక్తమును తీసుకొనిపోయే కరోటిడ్ ధమని అక్కడ ఉన్నది. అటువంటిదే రెండవ ప్రక్కన కూడా ఉన్నది. ఈ పేరుకు గ్రీకు భాషలో మూలార్థము మైకము. వీటిని గట్టిగా అదిమితే మనిషి స్పృహ తప్పుతాడని ప్రాచీన గ్రీకులు ఎరుగుదురు.

అయినా పక్షవాతము వచ్చినప్పుడు వైద్యుల దృష్టి చాలాకాలము మెదడులోని నాళములమీదనే ఉండేది. 1951లో కెనడా వైద్యుడు మిల్లర్ ఫిషర్, మెడలో ధమని మూసుకొనిపోవడమునకు, పక్షవాతమునకు గల సంబంధమును స్పష్టముగా చూపించాడు. ధమని గోడలో క్రొవ్వు, పీచుపదార్థము, సున్నము పేరుకొని పూడికగా ఏర్పడతాయి. దానిమీద గడ్డకట్టిన రక్తపు తునక ఊడి మెదడుకు చేరితే పక్షవాతము రావచ్చును. 1954లో లండనులో ఈస్ట్‌కాట్, పికరింగ్, రాబ్ అనే వైద్యులు ఇరుకైన భాగమును కోసి తీసి, ధమనిని తిరిగి కలిపిన ఉదంతమును ప్రకటించారు.

చికిత్స దొరికినది. కాని అది ఎవరికి అవసరము? 1927లో పోర్చుగల్ వైద్యుడు ఈగాస్ మోనిజ్ ప్రవేశపెట్టిన పద్ధతిలో, ధమనిలోకి మందు ఎక్కించి ఎక్స్-కిరణములతో చిత్రము తీయవచ్చును. అయితే ఆ పరీక్షవల్లనే కొందరికి పక్షవాతము వచ్చే ప్రమాదమున్నది. హానిలేని మార్గమును అతిధ్వనులు చూపించాయి.

మన చెవి సెకనుకు సుమారు 20,000 కంపనములవరకే వినగలదు. మెడ పరీక్షకు వాడే ధ్వనికి సెకనుకు 50 లక్షలకు పైగా కంపనములుంటాయి. కొన్ని స్ఫటికములను నొక్కితే విద్యుత్తు పుడుతుందని క్యూరీ సోదరులు 1880లో కనుగొన్నారు. విద్యుత్తు ప్రయోగిస్తే అవే స్ఫటికములు కంపించి ధ్వనిని పుట్టిస్తాయి. మొదటి ప్రపంచయుద్ధకాలములో లాంజెవాఁ ఈ సూత్రముతోనే జలాంతర్గాములను పసికట్టే సాధనమును నిర్మించాడు. ఇక కదిలే వస్తువునుండి వచ్చే తరంగముల పౌనఃపున్యము మారుతుందని 1842లో డాప్లర్ చెప్పినది నక్షత్రముల కాంతినిగూర్చి. 1950 దశకములో జపానులోని ఒసాకాలో సతోమురా ఆ సూత్రమును రక్తప్రవాహమునకు వర్తింపజేశాడు. 1974లో అమెరికాలోని సియాటిల్ పరిశోధకులు ధమని చిత్రమును, ప్రవాహవేగమును ఒకే యంత్రములో చూపగలిగారు.

కాలువ ఇరుకైనచోట నీరు వడిగా పారడము మనకు తెలిసినదే. ధమనిలోనూ అంతే. 2003లో అమెరికా నిపుణులు ప్రకటించిన ప్రమాణముల ప్రకారము గరిష్ఠవేగము సెకనుకు 125 సెంటీమీటర్లకు లోపుగా ఉంటే ఇరుకు సగములోపే. 230 దాటితే 70 శాతము గాని, అంతకు మించి గాని ఉండవచ్చును. ఈ 70 శాతమునకు ఎంతో ప్రాముఖ్యమున్నది. ఒకసారి చిన్న పక్షవాతమో, దాని ముందస్తు సూచనలో కలిగి, అంతటి ఇరుకున్న రోగులను ఉత్తర అమెరికాలో పరిశీలించి 1991లో ఫలితములు వెల్లడించారు. మందులు మాత్రమే వాడినవారిలో రెండేళ్ళలో నూటికి 26 మందికి ఇరుకున్న ప్రక్కన మళ్ళీ పక్షవాతము వచ్చినది. శస్త్రచికిత్స పొందినవారిలో 9 మందికే వచ్చినది. అప్పటినుండి మందులు చాలా మెరుగుపడినందున ఈ అంకెలను నేటి రోగులకు యథాతథముగా అన్వయించరాదు.

ఇరుకు ఎంత అన్నదొక్కటే ప్రశ్న కాదు. పూడిక ఎటువంటిదన్నది కూడా ముఖ్యమే. పీచుతో గట్టిపడిన పూడిక తెల్లగా కనబడుతుంది. క్రొవ్వో, రక్తమో నిండిన మెత్తని పూడిక నల్లగా కనబడుతుంది. చిట్లే భయము దీనికే ఎక్కువ. సున్నము పట్టినది తన వెనుక నీడను వేసి, అక్కడి సంగతిని మరుగుపరుస్తుంది. కనుక యంత్రమును పట్టిన చేతికి నేర్పు కావాలి, చిత్రమును చదివే కంటికి అనుభవము కావాలి. ఆ రెండూ ఉన్నప్పుడు, సూదిమొన అయినా తగలకుండా, రాబోయే పక్షవాతమును ముందే పసికట్టి నివారించే అవకాశము మనకు చిక్కుతుంది.