కుటుంబ ప్రార్థనయు తండ్రి కోపమును

బందరు పట్టణము నుండి సముద్రపు వైపు పోవువారికి గిలకలదిండి తగులును. చేపల పడవలు నిలుచు రేవు అది. ఆ తీరమున కాపురముండువారు గాలిని తేలికగా ఎంచరు. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీన ఉప్పెన వచ్చి బందరును ముంచినప్పుడు, పట్టణములోను చుట్టుపట్ల పల్లెలలోను సుమారు 30,000 మంది ప్రాణములు కోల్పోయిరి. 1977 నవంబరు 19న దివిసీమ మునిగిన దినమును మరువని కుటుంబములు నేటికిని మన సంఘములలో నున్నవి. అందుచేతనే రేవులో ప్రమాద సూచిక ఎగిరిన వెంటనే ఎంత అనుభవశాలియైనను పడవను ఒడ్డునకు చేర్చుకొనును. గాలి లేచినప్పుడు తెరచాప దించినవానిని పిరికివాడని ఎవరును అనరు, బుద్ధిమంతుడనియే అందురు.

ప్రియ సోదరులారా, సోదరీమణులారా, మన యిండ్లలోపల లేచు గాలివాన సంగతి యేమి? దానికి సూచిక ఎగురవేయు రేవు ఎక్కడ నున్నది? మన తెరచాపను దించువారెవరు?

నా యింట జరిగిన ఒక సంగతిని సిగ్గుతోనే వ్రాయుచున్నాను. ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, మరపడవలు వేటకు పోరాదని మన తీరమున నిషేధము కలదు. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని ప్రభుత్వము చేసిన కట్టడి అది, మంచిదే. గాని ఆ రెండు నెలలు మగవారు ఇంటిపట్టున నుందురు, రాబడి యుండదు, అప్పు యిచ్చినవారు గుమ్మము తొక్కుచుందురు. అట్టి దినములలో ఒకనాడు అప్పులవాడు వచ్చి నలుగురు వినునట్లు నాలుగు మాటలని పోయెను. నేను వల బాగుచేయుటకు కూర్చుంటిని. చూడగా, నా పదేండ్ల కుమారుడు గాలిపటము ఎగురవేయుటకు వలలోనుండి మూరెడు మేర నైలాను దారము కోసికొని యుండెను. చేతిలోనున్న త్రాటితోనే వానిని కొట్టితిని. ఎన్ని దెబ్బలు కొట్టితినో నాకు తెలియదు. వాని తల్లి అడ్డము వచ్చువరకు కొట్టితిని.

ఆ సాయంకాలము వాడుక చొప్పున కుటుంబ ప్రార్థన చేసితిమి. ప్రభువు నేర్పిన ప్రార్థన నేనే చెప్పించితిని. భార్య ఆమేన్ అనెను, కుమార్తె అనెను, వాడు అనలేదు. "ఆమేన్ అనవేమిరా?" అని గద్దించితిని. వాడు గోడవైపు చూచుచు, "సండే స్కూల్లో దేవుడు నాన్నలాంటోడని చెప్పారు. అందుకే అనలేదు" అనెను.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. చిన్ననాటి నుండి వినిన మన సంఘ చరిత్ర నాకు జ్ఞాపకము వచ్చెను.

1841లో హెన్రీ వాట్సన్ ఫాక్సు గారును, రాబర్టు టర్లింగ్టన్ నోబుల్ గారును ఇంగ్లండు నుండి బందరు వచ్చి చర్చి మిషనరీ సొసైటీ వారి తెలుగు మిషనును ఆరంభించిరి. ఫాక్సు గారు గ్రామములు తిరిగి ప్రకటించిరి. దేహము సహింపక స్వదేశమునకు పోయి 1848లో నిద్రించిరి. నోబుల్ గారు 1843లో బందరులో పాఠశాల తెరచి, వివాహము చేసికొనక, ఒక్కమారైనను స్వదేశమునకు తిరిగిపోక, 1865లో తాము మరణించువరకు ఆ పిల్లల మధ్యనే గడిపిరి. ఆ కాలమున అందు అగ్రవర్ణముల పిల్లలే చదువుచుండిరి. తొమ్మిది సంవత్సరములు బోధించినను బాప్తిస్మము కోరినవాడు ఒక్కడైనను లేకపోయెను. తుదకు 1852లో ఇద్దరు యువకులు, వెలమ కులస్థుడైన మంచాల రత్నము గారును, బ్రాహ్మణుడైన ఐనాల భూషణము గారును, బాప్తిస్మము పొందిరి.

అప్పుడు పట్టణమంతయు అల్లకల్లోలమాయెను. బంధువులును ప్రజలును నోబుల్ గారి యింటిమీదికి వచ్చిరి. తల్లిదండ్రులు తమ పిల్లలను బడి మానిపించిరి. నిండియుండిన తరగతులు ఖాళీ యాయెను. ఆ కోపమును మనము చులకనగా మాటలాడరాదు. ఆ దినములలో కుమారుడు క్రైస్తవుడైన యెడల తండ్రికి వాడు చచ్చినవానితో సమానము. తాను చనిపోయినప్పుడు తలకొరివి పెట్టు చేయి పోయెను. ఆ తండ్రుల కోపమునకు లోపల దుఃఖమున్నది, పుత్రప్రేమ యున్నది.

అయినను ఆ కోపము సంఘమును ఆపలేకపోయెను. బడికి పిల్లలు మెల్లమెల్లగా తిరిగివచ్చిరి. రత్నము గారును భూషణము గారును 1864లో గురుపట్టము పొంది, మన జనులకు మన భాషలోనే వాక్యమును అందించిరి. 1859లో రాఘవాపురమునకు చెందిన పగోలు వెంకయ్య గారు బాప్తిస్మము పొందిన పిమ్మట కృష్ణా జిల్లా పల్లెలలో సంఘములు ఒకదాని వెంట ఒకటి పుట్టినవి. నేడు ఈ పత్రికను చదువుచున్న మనలో అనేకులము ఆ పల్లె సంఘముల బిడ్డలమే.

ఈ చరిత్రను మనము సంఘములో గర్వముతో చెప్పుకొందుము. గాని ఆ రాత్రి నాకు ఒక సంగతి తోచెను. గుమ్మము వెలుపలికి వచ్చిన కోపమును చరిత్రకారులు వ్రాసిరి. గుమ్మము లోపలనున్న కోపమును ఎవరును వ్రాయలేదు. వెలుపలి కోపము ఇద్దరు యువకులను ప్రభువు నొద్దనుండి మరల్చలేకపోయెను. క్రైస్తవ గృహములో పుట్టి, బాల్యమందే బాప్తిస్మము పొంది, పెద్దయైన పిమ్మట గుడి గడప త్రొక్కని పిల్లలు ఎందరు లేరు? వారిని ఎవరు వెళ్లగొట్టిరి? అన్యుల హింసయా? వారిలో కొందరినైనను, ప్రార్థన చేయు తండ్రి చేతి త్రాడే వెళ్లగొట్టలేదా?

గుమ్మము లోపలి కోపము వ్రాతలోనికెక్కిన క్రైస్తవ గృహము ఒకటి కలదు. అది జాన్ వెస్లీ గారి పుట్టినిల్లు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు, మన కృష్ణా జిల్లాలోని సి.ఎం.ఎస్. సంఘములును, మెదకు ప్రాంతమునందలి వెస్లియను సంఘములును ఒకే కుటుంబమైనవి. కాబట్టి వెస్లీ గారి యిల్లు మనకు పరాయి యిల్లు కాదు.

ఇంగ్లండులోని ఎప్‌వర్తు అను ఊరిలో జాన్ గారి తండ్రి శామ్యూలు వెస్లీ గారు గురువుగా నుండిరి. ఆయన పండితుడు, ప్రార్థనాపరుడు, అయినను ముంగోపి. ఒకనాటి కుటుంబ ప్రార్థనలో ఆయన మూడవ విలియము రాజు కొరకు ప్రార్థింపగా, ఆయన భార్య సుసన్నమ్మ గారు ఆమేన్ అనలేదు. విలియము న్యాయమైన రాజు కాడని ఆమె మనస్సాక్షి. అందుపై శామ్యూలు గారు కోపించి, ఇల్లు విడిచిపోయి, నెలల తరబడి భార్యకును బిడ్డలకును దూరముగా నుండిరి. ఒక్క ఆమేన్ కొరకు! 1702లో ఆ రాజు మరణించెను. ఆ సంవత్సరమే శామ్యూలు గారు ఇల్లు చేరిరి. 1703 జూనులో వారికి జాన్ పుట్టెను. ఆ పంతము ఇంకను సాగియుండిన యెడల మనము ఎరిగిన జాన్ వెస్లీ యుండడు.

ఆరేండ్లు గడిచెను. 1709 ఫిబ్రవరిలో ఒక రాత్రి ఆ గురువుగారి యిల్లు అంటుకొనెను. పిల్లలందరును బయటపడిరి గాని అయిదేండ్ల జాన్ మేడమీద చిక్కుకొనెను. మెట్లు కాలిపోవుచుండగా తండ్రి పైకి పోలేక మోకాళ్లూని బిడ్డను దేవునికి అప్పగించెను. ఇంతలో ఒకడు మరియొకని భుజములమీద నిలిచి పిల్లవానిని కిటికీలోనుండి లాగెను. అప్పుడు ఆ తండ్రి పొరుగువారిని పిలిచి, ఇల్లు పోయిన పోనిమ్ము, ఎనిమిదిమంది పిల్లలు నాకు దక్కిరి, అదే నాకు గొప్ప ఐశ్వర్యమని చెప్పి, అందరితో కలిసి మోకరించి స్తుతించెను. ఒక ఆమేన్ కొరకు ఇల్లు విడిచినవాడు, ఇల్లు కాలిపోవుచుండగా బిడ్డల నెంచుకొని దేవుని స్తుతించెను. మూరెడు దారము కొరకు బిడ్డను కొట్టిన నాకు ఈ సంగతి బాణమువలె తగిలెను.

సుసన్నమ్మ గారు తమ పిల్లలను పెంచిన పద్ధతులను 1732లో కుమారుడు జాన్ గారికి జాబుగా వ్రాసిరి. ఆమెకు పుట్టినవారు పందొమ్మిది మంది. పెరిగి పెద్దయైనవారు పదిమందియే. ఆమె మెతక మనిషి కాదు. ఏడాది బిడ్డ సహితము బెత్తమునకు భయపడవలెనని ఎంచినది. ఆ భాగము మనము అనుసరింపదగినది కాదు. గాని ఆమె తన చేతికి తానే రెండు కట్టుబాట్లు పెట్టుకొనినది. తప్పు ఒప్పుకొని దిద్దుకొందునని చెప్పిన బిడ్డను కొట్టరాదు. ఒకే తప్పుకు రెండవసారి కొట్టరాదు, దెప్పరాదు. దండన భయముచేతనే పిల్లలు అబద్ధములాడుదురని ఆమె గ్రహించినది. ఇంతమంది పిల్లల మధ్య ఒక్కొక్కరికి వారములో ఒక సాయంకాలము కేటాయించి, ఆ బిడ్డతో ఒంటరిగా మాటలాడుచుండెను. గురువారము జాన్ వంతు. పెద్దవాడై దూరమున నున్నప్పుడును ఆ గురువారములను ఆయన మరువలేదు.

ఇప్పుడు వాక్యమును తలంచుకొందము. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయములో పౌలు గారు పిల్లలకు విధేయత నేర్పిన వెంటనే తండ్రులవైపు తిరిగి, పిల్లలకు కోపము పుట్టింపవద్దని హెచ్చరించెను. మొదటి మాటను మనము పిల్లలచేత కంఠస్థము చేయించుదుము. రెండవది మనము కంఠస్థము చేయము. మత్తయి సువార్త అయిదవ అధ్యాయములో ప్రభువు మరింత గట్టిగా చెప్పెను. బలిపీఠము నొద్దకు అర్పణము తెచ్చినవాడు, తన సహోదరునికి తనమీద విరోధమున్నదని జ్ఞాపకము వచ్చిన యెడల, అర్పణమును అక్కడనే విడిచి ముందు సమాధానపడవలెను. ఆ సహోదరుడనగా పొరుగింటివాడనియు, పొలము గట్టు తగాదాలోని దాయాదియనియు తలంచితిని. నా ప్రక్కనే చాపమీద కూర్చుండిన పదేండ్లవాడు ఆ సహోదరుడని ఎన్నడును తోచలేదు. కుటుంబ ప్రార్థన ఇంటిలోని బలిపీఠము. బిడ్డ వీపుమీద వాత యుండగా ఆ పీఠము నొద్ద నేను ఏ అర్పణము తేగలను?

విశ్వాసము కలవానికి కోపము రాదని కాదు. శామ్యూలు గారు విశ్వాసియే. విశ్వాసి తన కోపమును సమర్థించుకొనడు. దానిని దేవుని యెదుటను, తాను నొప్పించినవారి యెదుటను పేరు పెట్టి ఒప్పుకొనును. అంతట తెరచాప దిగును.

గాలివానకు సూచికలున్నట్లే కోపమునకును కలవు. ఖాళీ పడవతో తిరిగివచ్చిన సాయంకాలము, అప్పులవాడు వచ్చిపోయిన గడియ, ఆకలి, నిద్రలేమి, అన్నిటికంటె సారా సీసా. ఇవి కనబడినప్పుడు బిడ్డ తప్పును ఆ పూట విచారింపకుడి. చేతిలోని వస్తువును క్రింద పెట్టి బయటికి పొండు, నీళ్లు త్రాగుడి, ప్రభువా అని ఒక్క మాట అనుడి. సూర్యుడు అస్తమించులోగా సమాధానపడుడి. మరియొక మాట. దెబ్బలు తినుచున్న భార్యతోనైనను బిడ్డతోనైనను, ఓర్చుకొమ్మని మాత్రము చెప్పి ఊరకుండుట క్రైస్తవ ధర్మము కాదు. సంఘ పెద్దలు ఆ యింటికి పోవలెను. గురువుగారికి తెలియవలెను. ప్రాణభయమున్న యెడల వారిని క్షేమముగా దాచి, అధికారులకు తెలుపుటయు సంఘము పనియే.

ఆ రాత్రి లేచి దీపము పెద్దది చేసి కుమారుని లేపితిని. మొదట వాడు బెదరి తల్లివైపు జరిగెను. వాని ప్రక్కన నేలమీద కూర్చుండి, "నాయనా, దారము కోయడం నీ తప్పే. కాని నేను చేసింది అంతకంటే పెద్ద తప్పు. నన్ను క్షమించు" అంటిని. ఈ మాటలు నా నోట వచ్చుటకు ఎంతసేపు పట్టెనో! వాడు ఏమియు పలుకలేదు. దుప్పటి కప్పుకొని పండుకొనెను.

మరునాటి ప్రార్థనలోను వాడు ఆమేన్ అనలేదు. నేను అడుగలేదు. ఆ మరునాడును అంతే. కొట్టుటకు క్షణము చాలును. నమ్మిక తిరిగి మొలచుటకు దినములు కావలెను. ఆ వారమంతయు సాయంకాలములయందు వానిని దగ్గర కూర్చుండబెట్టుకొని వల అల్లుట నేర్పితిని. ఆదివారము సాయంకాలము ప్రార్థన ముగియగా, అందరి తరువాత, వాని గొంతు మెల్లగా వినబడెను. నేను కన్నులు తెరువలేదు.

పరలోకపు తండ్రీ, నీ పేరు మా బిడ్డలు మా ముఖములలో మొదట చదువుదురు. ఆ ముఖములను నీ కృపచేత మార్చుము. మేము నీ సన్నిధికి రాకముందు మా బిడ్డలయొద్దకు పోవునట్లు మమ్మును తగ్గించుము. ఆమేన్.