సపోటా జ్యూసు, మిక్సీ, మా నానమ్మ

మొన్న ఆదివారం మా అమ్మాయి "అమ్మా, స్మూతీ చేసుకుంటున్నా, పెద్ద జారు ఎక్కడ పెట్టావ్?" అని అరిచింది. వెళ్ళి చూస్తే సపోటాలు, పాలు, కాస్త పంచదార. మన సపోటా జ్యూసే! "దీనికి కొత్త పేరెందుకే" అనబోయి ఆగాను. జ్యూసు మనదే గానీ, ఆ జారు కథ మొదలైంది అమెరికాలో. అదీ మనందరికీ తెలిసిన హార్లిక్స్ పక్కనే.

ఇప్పుడంటే మన రాజమండ్రి దగ్గర ధవళేశ్వరంలో కూడా హార్లిక్స్ ఫ్యాక్టరీ ఉంది కానీ, అప్పట్లో ఆ కంపెనీది విస్కాన్సిన్‌లోని రసీన్ అనే ఊరు. ఆ పొడిని పాలల్లో కలిపి నురగలొచ్చేలా గిలక్కొట్టి దుకాణాల్లో అమ్మేవారు. ఆ పని తేలిక చేయడానికి అదే ఊళ్ళో స్టీఫెన్ పోప్లాస్కీ అనే ఆయన గ్లాసు అడుగున తిరిగే బ్లేడు పెట్టాడు. 1922 నాటి మాట. అంటే ఈ యంత్రం పుట్టిందే పాల కోసం, పచ్చడి కోసం కాదు. (స్మూతీ దుకాణాలకి పేరు తెచ్చిన స్టీవ్ కూనోకేమో పాలు పడవు! అందుకే 1973లో లూసియానాలో పళ్ళతో మొదలుపెట్టాడు. మనమేమో లీటరు పాలు పోసి స్మూతీ అంటున్నాం.)

పాలు గిలక్కొట్టే యంత్రంలో నానిన మినప్పప్పు వేస్తే ఏమవుతుంది? మోటారు కాలుతుంది. ముంబైలో మాధురీ మాథుర్ గారి జర్మనీ మిక్సీ అలాగే పాడైందట, ఇక్కడ బాగుచేసేవాళ్ళు లేరు. ఇంజనీరైన వాళ్ళాయన సత్యప్రకాశ్ మాథుర్ మన పప్పులకీ మసాలాలకీ తట్టుకునే మోటారుతో మిక్సీ తయారుచేశారు. అదే 1963 నాటి సుమీత్. ఒక ఇల్లాలి వంటింట్లో ఇబ్బంది ఎన్ని లక్షల రుబ్బురోళ్ళని పెరట్లోకి పంపిందో!

మా ఇంటికి మిక్సీ 1984లో వచ్చింది. నానమ్మ దాన్ని ముట్టుకోలేదు. "రోటి రుచి దీనికెక్కడిదీ" అని మూతి తిప్పింది. నలభై ఏళ్ళు పొత్రం తిప్పిన చెయ్యి, ఒప్పుకోవడం కష్టమే. అమ్మ ఆ రోజు పచ్చడి జోలికి పోకుండా సపోటా జ్యూసు చేసింది. కాచి చల్లార్చిన పాలు పక్కింటి పిన్నిగారి ఫ్రిజ్‌లో సగం గడ్డకట్టించి తెచ్చింది. ముందు పండుగుజ్జుని రెండు చెంచాల పాలతో మెత్తగా తిప్పి, ఆ తర్వాతే మిగతా పాలు మీగడతో సహా పోసింది. ఐసు ముక్కలు వేస్తే నీళ్ళయిపోతుంది, గడ్డకట్టిన పాలైతే చిక్కగా వెన్నలా వస్తుంది. నేనిప్పటికీ అలాగే చేస్తాను.

పళ్ళు లేని నానమ్మకి సపోటా తినడం ఎప్పుడో పోయింది. ఆ రోజు గ్లాసు మొత్తం తాగి మూతి తుడుచుకుంది. మర్నాటి నుంచి సాయంత్రం నాలుగయ్యేసరికి వంటింటి గుమ్మంలో కూర్చునేది. పచ్చడి మాత్రం చివరిదాకా రోట్లోనే.

అందరికీ పోశాక అమ్మ జారులో కాసిని పాలు పోసి, కలియతిప్పి, అది తాగేది. నేనూ అంతే చేస్తున్నానని మొన్న మా అమ్మాయి అడిగేదాకా నాకే తెలీదు. "నీ గ్లాసేదీ?" అంది. వెంటనే అమ్మకి ఫోన్ చేసి నువ్వెందుకలా తాగేదానివని అడిగాను.

"జారుకి అంటుకున్నదే చిక్కగా ఉంటుందే" అంది.