మీ సైట్‌కి ఎవరొచ్చారు? విజిటర్ లాగ్ వెనకున్న 30 ఏళ్ల కథ

ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఒక్క లైన్ గురించే. మీరు ఫోన్‌లో ఏ వెబ్‌సైట్ ఓపెన్ చేసినా, అవతల సర్వర్‌లో ఒక ఫైల్ చివర ఒక లైన్ పడుతుంది. ఎక్కడి నుంచి వచ్చారు, ఎన్నింటికి వచ్చారు, ఏం అడిగారు అన్నీ అందులో ఉంటాయి.

మీలో చాలామంది కాలేజ్ ప్రాజెక్ట్ కోసమో, ఇంట్లోవాళ్ల షాప్ కోసమో హోస్టింగ్ కొనే ఉంటారు. సీప్యానెల్‌లో విజిటర్స్ అని ఒక ఆప్షన్ ఉంటుంది చూడండి. అది నొక్కితే ఆ డొమైన్‌కి చివరగా వచ్చిన రిక్వెస్టులు, గరిష్ఠంగా 1,000 వరకు, లిస్ట్‌లా కనిపిస్తాయి. కొంచెం కోడింగ్ వస్తే ఇలాంటి డేటానే హోస్టింగ్ ఏపీఐ నుంచి తెచ్చుకోవచ్చు. టోకెన్ పెట్టి రిక్వెస్ట్ పంపిస్తే జవాబు జేసన్‌లో వచ్చేస్తుంది. ఐపీ అడ్రస్, టైమ్, పేజీ, స్టేటస్ కోడ్, బ్రౌజర్ పేరు. ఐదు నిమిషాల పని.

కానీ ఆ జేసన్‌లో సరిగ్గా ఆ ఫీల్డ్సే ఎందుకున్నాయి? వాటిని ఎవరు డిసైడ్ చేశారు? అక్కడే అసలు కథ ఉంది.

మొదట్లో లెక్క మెషిన్ కోసమే

స్విట్జర్లాండ్‌లోని సెర్న్ ల్యాబ్‌కి వెళ్దాం. 1990లో టిమ్ బెర్నర్స్-లీ అక్కడ ఒక నెక్స్ట్ కంప్యూటర్ మీద ప్రపంచంలో మొదటి వెబ్ సర్వర్ నడిపాడు. దాని మీద పడుతున్న లోడ్‌ని ఆయన గమనిస్తూ వచ్చాడు. 1991 వేసవిలో రోజుకి సుమారు 100 హిట్లు. 1992 వేసవికి 1,000. 1993కి 10,000. ఏటా పది రెట్లు!

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. ఆ లెక్క ఎవరొచ్చారని తెలుసుకోవడానికి కాదు. మెషిన్ తట్టుకుంటుందా, వెబ్ అనే ఈ ఐడియా నిలబడుతుందా అని చూసుకోవడానికి. కరెంట్ మీటర్ రీడింగ్ లాంటిదన్నమాట.

ఒక లైన్, ఏడు ఫీల్డ్స్

1993లో అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో ఎన్‌సీఎస్ఏ అనే సెంటర్‌లో రాబ్ మెకూల్ ఒక వెబ్ సర్వర్ రాశాడు. ఆ సర్వర్ లాగ్ రాసే పద్ధతికే తర్వాత కామన్ లాగ్ ఫార్మాట్ అని పేరొచ్చింది. అందులో ఏడు ఫీల్డ్స్. వచ్చిన మెషిన్ అడ్రస్, ఐడెంట్, లాగిన్ పేరు, టైమ్, అడిగిన పేజీ, స్టేటస్ కోడ్, ఎన్ని బైట్లు పంపామన్నది.

రెండో ఫీల్డ్, ఐడెంట్, చాలా సరదాగా ఉంటుంది. రిక్వెస్ట్ పంపిన మెషిన్ మీద ఏ యూజర్ కూర్చున్నాడో ఆ మెషిన్‌నే అడిగి రాసుకుందాం అని దాని ఉద్దేశం. ఒక పెద్ద కంప్యూటర్‌ని పదిమంది పంచుకునే యూనివర్సిటీ రోజుల ఆలోచన అది. ఎవరి ఇంట్లో వాళ్లకి పీసీ వచ్చాక ఆ ప్రశ్నకి జవాబిచ్చేవాళ్లే లేరు. ఈరోజుకీ మీ లాగ్ తెరిచి చూడండి, ఆ స్థానంలో ఒక చిన్న గీత ఉంటుంది. ముప్పై ఏళ్లు దాటినా ఖాళీ కుర్చీ అలాగే ఉంది.

1994లో మెకూల్ ఎన్‌సీఎస్ఏ వదిలేశాక, ఆ సర్వర్‌కి ప్యాచ్‌లు రాసుకుంటున్న కొంతమంది కలిసి 1995లో అపాచీ రిలీజ్ చేశారు. అపాచీలో బాగా వాడుకలోకి వచ్చిన కంబైన్డ్ ఫార్మాట్‌లో ఇంకో రెండు ఫీల్డ్స్ చేరాయి. ఏ పేజీలోని లింక్ నొక్కి వచ్చారన్నది రెఫరర్, ఏ బ్రౌజర్‌తో వచ్చారన్నది యూజర్ ఏజెంట్. ఆ రెఫరర్ స్పెల్లింగ్‌లో మొదట్లోనే ఒక అక్షరం తప్పు పడింది. 1996లో స్టాండర్డ్ డాక్యుమెంట్‌లోకి కూడా ఆ తప్పుతోనే వెళ్లింది. ఇప్పటికీ మన బ్రౌజర్లన్నీ ఆ తప్పు స్పెల్లింగ్‌నే పంపుతున్నాయి!

మీటర్ రీడింగ్ కాస్తా మనిషి వైపు తిరిగింది ఇక్కడే. ఎన్నిసార్లు అన్నది మాత్రమే కాదు, ఎక్కడి నుంచి, దేనితో అన్నది కూడా రికార్డ్ అవడం మొదలైంది.

హిట్లు గొప్పా, మనుషులు గొప్పా?

ఆ రోజుల్లో సైట్ ఓనర్లు హిట్లు చెప్పుకుని మురిసిపోయేవాళ్లు. కానీ ఒక పేజీలో పది ఫొటోలుంటే, ఒక్క మనిషి ఒక్కసారి తెరిచినా పదకొండు హిట్లు పడతాయి. లాగ్‌కి మనిషి తెలియదు, రిక్వెస్ట్ మాత్రమే తెలుసు. వెళ్లినవాడే మళ్లీ వచ్చాడో లేదో కూడా తెలియదు. 1994లో నెట్‌స్కేప్‌లో లూ మోంటుల్లి కుకీ కనిపెట్టాడు. ల్యాబ్ బయట దాని మొదటి ఉపయోగం ఏంటో తెలుసా? నెట్‌స్కేప్ సైట్‌కి వచ్చినవాళ్లు ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చారా అని చూడటం.

లాగ్ ఫైల్స్ పెరిగిపోయి చేత్తో చదవలేని స్థితి వచ్చాక వాటిని గ్రాఫులుగా మార్చే టూల్స్ వచ్చాయి. 1997లో వెబలైజర్, 2000లో ఏడబ్ల్యూస్టాట్స్. ఈ రెండు పేర్లూ మీరు హోస్టింగ్ ప్యానెల్‌లో చూసే ఉంటారు. అయితే ఈ టూల్స్ చదివే లాగ్ డేటా సైట్ ఓనర్ సర్వర్‌లోనే ఉండేది.

2005లో గూగుల్ అర్చిన్ అనే కంపెనీని కొని, అదే ఏడాది నవంబర్‌లో గూగుల్ అనలిటిక్స్‌ని ఫ్రీగా వదిలింది. జనం ఎంతలా ఎగబడ్డారంటే కొన్నాళ్లు కొత్త సైన్ అప్‌లు ఆపేయాల్సి వచ్చింది. వాట్సాప్‌లో వచ్చే లింకుల చివర యూటీఎమ్ అని ఉంటుంది కదా? అందులో మొదటి అక్షరం అర్చిన్‌దే. కంపెనీ పోయింది, పేరు మన ఫార్వర్డుల్లో బతికుంది. ఫ్రీ అన్నాం గానీ, విజిటర్ల లెక్క మన సర్వర్ నుంచి వేరేవాళ్ల సర్వర్‌కి వెళ్లిపోయింది.

ఐపీ అడ్రస్ ఎవరిది?

ఇప్పుడు జర్మనీ. పాట్రిక్ బ్రేయర్ అనే రాజకీయ నాయకుడు ప్రభుత్వ వెబ్‌సైట్ల మీద కేసు వేశాడు. నేను మీ పేజీ చూసి వెళ్లిపోయాను, నా ఐపీ అడ్రస్ ఎందుకు దాచుకున్నారు అని ఆయన వాదన. దాడులు జరిగితే పట్టుకోవడానికి అని ప్రభుత్వ వాదన. 2016 అక్టోబర్ 19న యూరప్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. మారిపోతూ ఉండే ఐపీ అడ్రస్ అయినా సరే, ఇంటర్నెట్ కంపెనీ దగ్గరున్న వివరాలతో కలిపి మనిషిని గుర్తించే చట్టపరమైన దారి ఉంటే, అది వ్యక్తిగత డేటానే. అయితే సైట్‌ని కాపాడుకోవడం కూడా న్యాయమైన అవసరం కావచ్చని అదే తీర్పులో ఉంది. రెండు వైపులా నిజం ఉందన్నమాట.

మన దగ్గర కూడా ఈ లాగుడు ఉంది. 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో సిస్టమ్ లాగ్స్ 180 రోజులు దాచాలని ఉంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వైపు చూస్తే, అవసరం తీరిన డేటా తీసేయాలన్నది మూల సూత్రం. ఒకటి దాచు అంటుంది, ఇంకోటి అవసరానికి మించి దాచకు అంటుంది.

ఇంకో చిక్కు. 2011 ఫిబ్రవరిలో పాత రకం ఐపీ అడ్రసుల ప్రపంచ నిల్వ అయిపోయింది. అప్పటి నుంచి మొబైల్ కంపెనీలు ఒకే అడ్రస్‌ని చాలామందికి పంచడం పెరిగింది. కూకట్‌పల్లిలో ఒక హాస్టల్ వైఫై అనుకోండి. నలభై మంది వాడినా మీ లాగ్‌లో కనిపించేది ఒకే అడ్రస్. అంటే ఆ లైన్ ఒక మనిషిని పట్టించగలదు, అదే లైన్ తప్పు మనిషిని కూడా చూపించగలదు.

మరి మనం ఏం చేయాలి?

ఏపీఐతో డేటా లాగేటప్పుడు మూడు విషయాలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, లైన్ల సంఖ్య మనుషుల సంఖ్య కాదు. అందులో బాట్స్ ఉంటాయి, బ్రౌజర్ పేరు ఎవరైనా అబద్ధం చెప్పొచ్చు. రెండు, టైమ్ పక్కనున్న ప్లస్, మైనస్ అంకెలు చూడండి. సర్వర్ అమెరికాలో ఉంటే అది అక్కడి టైమ్ కావచ్చు, మనది ప్లస్ 0530. మూడు, టోకెన్‌ని గిట్‌హబ్‌లో పెట్టేయకండి, లాగ్ స్క్రీన్‌షాట్‌ని స్టేటస్‌గా పెట్టకండి. అవి మీ అంకెలు కావు, మీ సైట్‌ని నమ్మి వచ్చినవాళ్ల జాడలు.

ఎందుకంటే మీరు ఒక సైట్ లాగ్ చదివే ఓనర్ అయితే, మిగతా సైట్లన్నింటిలో మీరూ ఒక లైనే. మీ లైన్‌ని అవతలివాళ్లు ఎలా చూడాలనుకుంటారో, వాళ్ల లైన్‌ని మీరూ అలాగే చూడండి.

మీ సైట్ లాగ్‌లో మీకు కనిపించిన వింత రిక్వెస్ట్ ఏంటో కామెంట్స్‌లో చెప్పండి, ఐపీ అడ్రస్ మాత్రం తీసేసి! నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. బై ఫ్రెండ్స్.