చెరిపి గీసుకునే పటం

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ నుంచి మస్తూరీ మీదుగా మల్హార్ వెళ్తే అక్కడి చెరువుల గురించి ‘ఛై ఆగర్ ఛై కోరీ’ అనే మాట వినిపిస్తుంది. ఆరు ఇరవైలు, ఆ పైన ఆరు. మొత్తం 126 చెరువులన్నమాట. రతన్‌పూర్ వాళ్లూ తమ ఊరికి ఇదే లెక్క చెప్పుకుంటారు కాబట్టి అంకెను పట్టుకుని వాదించనక్కర్లేదు. ఏ చెరువు అలుగు పారితే ఏ పొలాలు తడుస్తాయో, పశువులు ఎక్కడ తాగాలో పాతతరానికి నోటికి వచ్చు. కాగితం మీదికి మాత్రం అది ఎక్కలేదు.

కాగితం లేక కాదు. పట్వారీ దగ్గర గుడ్డ నక్షా ఉంది, అందులో ఖస్రా నంబర్లు, అంటే సర్వే నంబర్లు, ఉన్నాయి. అయితే అది శిస్తు కోసం పుట్టిన పటం. ఎవరి పొలం ఎంత, ఎవరు ఎంత కట్టాలి అన్నదే దాని గొడవ. మన కరణాల టిప్పన్లూ ఆ బాపతే. మేత భూమి, శ్మశానం, వంటచెరకు తెచ్చుకునే హక్కు లాంటివాటిని ‘నిస్తార్ పత్రక్’ అనే వేరే దస్తావేజులో రాయాలంది 1959 నాటి మధ్యప్రదేశ్ భూమి శిస్తు చట్టం. ఛత్తీస్‌గఢ్‌కూ ఆ చట్టమే సంక్రమించింది. సొంత ఆస్తికి గీతలు దక్కాయి, ఉమ్మడి ఆస్తికి మాటలు మిగిలాయి.

ఊరివాళ్లే గీసే పటానికి పెద్దపీట దక్కింది 1980ల చివర్లో. ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ చాంబర్స్, కర్ణాటకలో మైరాడా, గుజరాత్‌లో ఆగాఖాన్ గ్రామీణ సహాయ కార్యక్రమం వంటి సంస్థలు దీన్ని ఒక పద్ధతిగా మలిచాయి. పీఆర్‌ఏ (పార్టిసిపేటరీ రూరల్ అప్రైజల్) అన్న పేరు స్థిరపడింది. అధికారి కుర్చీ దిగి నేల మీద కూర్చుంటాడు, ఊరివాళ్లు ముగ్గుపిండి, రంగులు, గింజలు, ఆకులతో తమ ఊరిని గీస్తారు. బావి తప్పుచోట పడిందా, ఎవరో ఒకరు చేత్తో చెరిపి పక్కకు జరుపుతారు. కలం పట్టని ఆడవాళ్లు కూడా ముగ్గు దగ్గర వెనకాడరు. ‘ఇంటరాక్టివ్’ అని కంప్యూటరు వాళ్లు తర్వాత గొప్పగా చెప్పుకున్న గుణం ఈ నేల పటానికి పుట్టుకతోనే ఉంది. దాని ఖర్మ ఏమిటంటే, సాయంత్రానికి ఎవరో చార్టు మీద నకలు తీసుకుని పట్టుకుపోయేవారు. చార్టు బీరువాలో నిద్రపోయేది.

ఊరివాళ్లతో కలిసి ప్రణాళిక వేసే ఈ పద్ధతిని సర్కారీ నిబంధనల్లోకి తెచ్చినవారిలో మన తెలుగాయన ఒకరున్నారు. కరువు ప్రాంతాల పథకాల మీద ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన వేసిన కమిటీ 1994లో నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా వచ్చిన వాటర్‌షెడ్ మార్గదర్శకాలు 1995 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. సుమారు 500 హెక్టార్లను ఒక యూనిట్‌గా తీసుకోవాలి, ప్రణాళికను ఊరివాళ్లతో కలిసి వేయాలి. రెవెన్యూ హద్దు బదులు నీళ్లు పారే హద్దు పటంలోకి వచ్చింది. నా దృష్టిలో తర్వాత వచ్చిన ఉపగ్రహ పటాల కన్నా ఇదే పెద్ద మలుపు.

ఆ మలుపు ఎంత దూరం పోగలదో నంద్యాల చూపించింది. అక్కడి బర్డ్స్ అనే స్వచ్ఛంద సంస్థ ముందుండి, మొదట నెదర్లాండ్స్ సాయంతో, తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ద్వారా నడిపిన రైతుల భూగర్భజల నిర్వహణ పథకం (ఏపీఎఫ్ఏఎంజీఎస్) అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో 638 పల్లెలకు పాకింది. వాటిని 63 నీటి పరీవాహక యూనిట్లుగా విడదీశారు. రైతులే వర్షమాపకం చూసి రాసుకున్నారు, పదిహేను రోజులకోసారి బావుల్లో నీటిమట్టం కొలిచారు. ఆ అంకెలు ఊరి గోడ మీద బోర్డుకెక్కాయి. రబీకి ముందు అందరూ కూర్చుని నేలలో ఉన్న నీరెంత, వేయదలచిన పంటలు తాగేదెంత అని లెక్క కట్టారు. లెక్క తేలాక వరి మానమని ఎవరూ ఆజ్ఞ వేయలేదు. ఎవరి పొలం వాళ్ల ఇష్టమే. అయినా చాలాచోట్ల రైతులు తక్కువ నీటి పంటలకు మళ్లారు. పటం గోడ మీద ఉండి, అందులోని అంకె తాము కొలిచిందే అయితే జనం దాన్ని నమ్ముతారు.

తెర మీద పటం వేరే దారిన వచ్చింది. 1960లలో కెనడాలో రోజర్ టామ్లిన్సన్ భూముల లెక్కలకోసం కంప్యూటరు పటాలు మొదలుపెట్టాడు. 2004లో స్టీవ్ కోస్ట్ ఎవరైనా దిద్దగలిగే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ తెరిచాడు. మన దేశంలో ఇస్రో 2009లో భువన్ పెట్టింది. దాన్ని నడిపేది హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం. 2021 ఆగస్టులో అదే భువన్ మీద ఉపాధి హామీ పనుల కోసం ‘యుక్తధార’ వచ్చింది. వాగులు, వాలు, భూ వినియోగం, ఇదివరకే చేసిన పనుల ఆనవాళ్లు పొరలు పొరలుగా కనిపిస్తాయి. పంచాయతీ తన కొత్త పనిని వాటి మీదే గుర్తించాలి. అలా మస్తూరీ జనపద్ (బ్లాకు)లోని పంచాయతీలు చెరువు పూడికతీతకు పని పెట్టాలంటే చూసే పటం బాలానగర్‌లో తయారైనదే. బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో తరాలుగా స్థిరపడిన తెలుగువాళ్లకు ఇది కాస్త గర్వం కలిగించే సంగతే.

ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2019లో ‘నర్వా, గరువా, ఘుర్వా, బారీ’ (వాగు, పశువులు, ఎరువుగుంట, పెరటి తోట) అంటూ పథకం పెట్టినప్పుడూ, వాగుల బాగుకు వాగు పైనుంచి కిందిదాకా ఒకే వరసగా చూడాలన్న పాత వాటర్‌షెడ్ పాఠమే పనికొచ్చింది.

ఇక తెర మీది పటంతో చిక్కల్లా ఆ తెర ఎక్కడుందన్నదే. యుక్తధారలో పని గుర్తించేది పంచాయతీలో ఉపాధి పనులు చూసే రోజ్‌గార్ సహాయక్, తన లాగిన్‌తో. ఎగువ అడ్డుకట్ట వేస్తే దిగువ వరికి నీళ్లు తగ్గుతాయా అన్న ప్రశ్న ఉపగ్రహ చిత్రం తనంతట తాను వేయదు. దిగువ రైతు వేయాలి. అందుకు ఆ పటాన్ని గ్రామసభలో గోడ మీదికి తెస్తే చాలు, చుక్క తప్పుచోట పడితే అతనే లేచి చెప్తాడు. ప్రొజెక్టర్ లేకపోతే ప్రింటు తీసి నేల మీద పరిచినా సరిపోతుంది, పక్కన బొగ్గుముక్క ఒకటి పెట్టి.