తేలే ఇటుక, తొక్కిన మట్టి

రామప్ప గుడి పాఠం నేను ఏటేటా చెప్తనే ఉన్న. 1213లో, కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిండు. నక్షత్రం ఆకారంలో ఎత్తు పీఠం, ఇసుకరాతి గోడలు, అద్దంలెక్క నునుపైన నల్లరాతి స్తంభాలు, చూరు కింద మదనికలు. పరీక్షలో ఇంత రాస్తే మార్కులు పడతయి. నేను కూడా ఇట్ల రాసి తెచ్చుకున్నోణ్ణే. మా ఇంట్ల మొదటి డిగ్రీ నాది.

కానీ ఆ గుడిలో నన్ను పట్టుకున్నది రాయి కాదు, మట్టి. గర్భగుడి మీది శిఖరాన్ని రాతితో కట్టలేదు, కాల్చిన ఇటుకతో కట్టిన్రు. ఆ ఇటుకను నీళ్లల్ల ఏస్తే తేలుతది. మట్టిలో పొట్టులాంటిది కలిపి కాలిస్తే అది మాడిపోయి లోపల గాలి గూళ్లు మిగులుతయి. శిఖరం బరువు తగ్గుతది, కింది స్తంభాలకు ఊపిరాడుతది. 2021లో యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వం చేసినప్పుడు ఈ ఇటుకలనూ మెచ్చుకున్నది.

మా నాయిన ఇటుక బట్టీ కూలి. పంటలైపోంగనే బయానా తీసుకొని ఇల్లంత వరంగల్ పొలిమేరకు పోయేది. చీకటితోటి లేసి నాయిన మట్టి తొక్కేది, అవ్వ ముద్దలు అందించేది. లెక్క వెయ్యికింత. వానకు కరిగినయి, పగిలినయి లెక్కలోకి రావు. సీజన్ అయిపోయే నాటికి కాళ్లు పగిలి నెత్తురొచ్చేది, బయానా మాత్రం తీరకపోయేది. ఇటుక మీద ఓనరు పేరులోని రెండక్షరాలు పడేటియి. అచ్చుల ఇరుక్కున్న మట్టిని పుల్లతో గీకుడు నా పని. బడికి పోకముందే ఆ రెండక్షరాలు నేర్చిన, అవీ తిరగేసినయి.

పోయినేడు నాయినను పాలంపేటకు తోలుకపోయిన. గేటు కాడ్నే ఆగిండు. "నువ్వు పో కొడుకా, నేనీడ కూసుంట" అన్నడు. ఇది కేంద్ర పురావస్తు శాఖ కాపాడే గుడి, ఇక్కడ ఎవరూ ఆపరు. కానీ చిన్నప్పుడు మా ఊరి శివుని గుడి మెట్టు కాడ తిన్న తిట్లు ఆయన కాళ్లకు ఇంకా యాదికున్నయి. చెయ్యి పట్టి తీసుకపోయిన.

మదనికల దిక్కు ఒక్కసారి చూసిండు. మెడ ఎత్తి శిఖరాన్నే చూసుకుంట నిలబడ్డడు. తేలే ఇటుక సంగతి చెప్తే కొంచెం సేపు మాట్లాడలేదు. తర్వాత అన్నడు: "పొట్టు ఎక్కువైతే పెళుసు, తక్కువైతే బరువు. మంట ఎక్కువ పెడితే కరుగుతది. ఇది ఒక్కనాడు తెలిసే పని కాదురా. ఎన్ని బట్టీలు పాడైనయో, ఎవని కూలి పోయిందో."

ఇన్నేండ్ల చదువులో ఏ పుస్తకమూ నన్ను ఈ ప్రశ్న అడగలేదు. గులాం యజ్దానీ 1922లో పాలంపేట గుళ్ల మీద పుస్తకమే అచ్చేసిండు. శాసనం ఉన్నది, సంస్కృతంలో. రాజు పేరు, సేనాని పేరు, ఆయన వంశం గొప్ప, దేవునికిచ్చిన ఊళ్లు. రామప్ప అనేది శిల్పి పేరని జనం చెప్పుకుంటరు. అట్లనే అనుకుందాం, ఆయన రాయి చెక్కినోడు. మట్టి తొక్కినోని పేరు కథలో కూడా లేదు. కాకతీయులు నాలుగో కులపోళ్లని వాళ్ల కాలం శాసనాలే కొన్ని చెప్తయి. అంటే పేరు చెక్కించుకోవాలంటే జంధ్యం కంటే ముందు భూమి, సైన్యం ఉండాలె. ఆ మట్టి తొక్కినోళ్లు మా మాదిగోళ్లేనని నేను ముద్రెయ్యను. లేని శాసనం చెక్కితే నాకూ ఆ పొగడ్తలు రాసినోళ్లకూ తేడా ఏముంది? తొక్కిన కాళ్లు మాత్రం ఉన్నయి, లేకుంటే శిఖరం లేదు.

ఈ ఏడు తొమ్మిదో తరగతి పిల్లలకు పాఠం మార్చి చెప్పిన. కట్టించింది ఎవరు అని అడగలేదు, ఆ ఇటుక ఎట్ల చేసి ఉంటరో రాయమన్న. ఎక్కువమంది నాలుగు లైన్లు గీకిన్రు. ఆర్నెల్లు బట్టీల కాడ, ఆర్నెల్లు బడిలో ఉండే పిల్లగాడు ఒకడు రెండు పేజీలు నింపిండు. ఆఖరుకు నాకే దిద్దుబాటు రాసిండు: "సార్, మట్టిని ముందురోజే నానబెట్టాలె. మీరది చెప్పలేదు."