గార్డెన్ రీచ్‌లో చలికాలం: పాత చీర చెప్పే చరిత్ర

ఈ ప్రసంగంలో మనం ఒక మామూలు వస్తువును ఆధారంగా తీసుకొని ఒక ప్రాంతపు చరిత్రను పరిశీలిద్దాం. ఆ వస్తువు బొంత. ఆ ప్రాంతం కోల్‌కతా నగరానికి నైరుతి దిక్కున, హుగ్లీ నది ఒడ్డున ఉన్న గార్డెన్ రీచ్. శాసనాలు, కోటలు చరిత్రకు సాక్ష్యాలే. చలికాలానికి ముందు ఒక ఇల్లాలు పెట్టె తెరిచి బయటికి తీసే పాత చీరలు కూడా సాక్ష్యాలే. అయితే వాటిని చదవడం మనం నేర్చుకోవాలి.

కోల్‌కతా చలి హిమాలయాల చలి వంటిది కాదు. జనవరిలో రాత్రి ఉష్ణోగ్రత సగటున 14 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటుంది. కాని ఏడాదిలో ఎక్కువ భాగం ఉక్కపోతకు అలవాటుపడిన శరీరానికి, నది మీది నుంచి వచ్చే మంచుగాలిలో ఆ చలి తక్కువేమీ కాదు. రెండు నెలల చలి కోసం ఖరీదైన ఉన్ని రగ్గు కొనడం పేద కుటుంబానికి తలకు మించిన పని. అందుకే బెంగాల్ స్త్రీలు ఇంట్లో ఉన్నదానితోనే చలిని ఎదుర్కొనే పద్ధతి ఒకటి తయారు చేసుకున్నారు. దాని పేరు కాంథా.

చిరిగిన బట్ట, చెదరని కుట్టు

సంస్కృతంలో కంథ అంటే అతుకుల బట్ట. మన నిఘంటువులు ఆ మాటకు బొంత అనే అర్థం చెబుతాయి. కాబట్టి ఈ వస్తువు మనకు కొత్తది కాదు. కాంథా కుట్టడానికి కట్టి కట్టి, ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరలు, ధోవతులు తీసుకుంటారు. వాటిని పొరలు పొరలుగా నేలమీద పరిచి, ముడతలు లేకుండా సవరించి, అంచులు కలిపి, సూదిని కిందికీ పైకీ పోనిస్తూ సాదా కుట్టు వేసుకుంటూ పోతారు. దారం కూడా కొనేవారు కాదు. చీర అంచుల్లోని రంగు పోగులను లాగి వాటితోనే కుట్టేవారు. చలికి కప్పుకొనే మందపు దానిని లేప్ కాంథా అనీ, పరుచుకొనే దానిని సుజని అనీ అంటారు. చంటిపిల్లలకు, పుస్తకాలు చుట్టి పెట్టుకోవడానికి, అద్దాన్ని దాచుకోవడానికి కూడా వేరువేరు కాంథాలు ఉన్నాయి.

ఇందులో ఉన్న శాస్త్రాన్ని గమనించండి. వెచ్చదనాన్ని నిలిపేది బట్ట ఒక్కటే కాదు, పొరల మధ్య చిక్కుకున్న గాలి కూడా. గాలి మంచి ఉష్ణవాహకం కాదు. దగ్గర దగ్గరగా పడిన కుట్లు పొరలను జారిపోకుండా పట్టి ఉంచుతాయి, బట్టలో చిన్న చిన్న ముడుతలు కలిగిస్తాయి. ఆ ముడుతల్లో గాలి నిలుస్తుంది. అలా ఒంటిపొరగా చలికి పనికిరాని పాత చీర, నాలుగు పొరలైనప్పుడు చలిని ఆపుతుంది.

చలికాలపు ఏర్పాట్లు ఇంతటితో అయిపోవు. కార్తీకం దాటుతూనే పెట్టెల్లోని పరుపులు, బొంతలు డాబాల మీద ఎండకు వేస్తారు. దూదిని ఏకే ధునురి విల్లు భుజాన వేసుకొని వీధుల్లోకి వస్తాడు. గట్టిపడిన పాత దూదిని నారి మీటి పొంగించి తిరిగి పరుపులో నింపుతాడు. మన దూదేకులవారి పని కూడా ఇదే. వంటింట్లో మినప్పప్పు రుబ్బి, బూడిదగుమ్మడి కోరు కలిపి, చలికాలపు ఎండలో వడియాలు పెడతారు. వాటిని అక్కడ బొరి అంటారు. ఈతచెట్టు నీరా కాచి బెల్లం వండుకుంటారు. మనం సంక్రాంతి జరుపుకొనే రోజునే వారు పౌష సంక్రాంతికి ఆ బెల్లంతో పిండివంటలు చేసుకుంటారు.

మట్టి బురుజు దర్జీలు

18వ శతాబ్దంలో ఆంగ్లేయ అధికారులు నది ఒడ్డున తోటలతో కూడిన బంగళాలు కట్టుకున్నందువల్ల ఈ ప్రాంతానికి గార్డెన్ రీచ్ అనే పేరు వచ్చింది. ఇందులో ఒక భాగం మటియాబుర్జ్. తెలుగులో మట్టి బురుజు అన్నా అర్థం అదే. 1856లో ఈస్టిండియా కంపెనీ అవధ్ రాజ్యాన్ని కలుపుకొన్నప్పుడు నవాబు వాజిద్ అలీ షా లక్నో విడిచి కలకత్తా వచ్చాడు. 1857 తిరుగుబాటు కాలంలో ఆయనను ఫోర్ట్ విలియంలో నిర్బంధించారు. విడుదలైన తరువాత 1887లో మరణించేవరకు ఆయన మటియాబుర్జ్‌లోనే ఉన్నాడు. ఏడాదికి 12 లక్షల రూపాయల పింఛనుతో అక్కడ ఒక చిన్న లక్నోను నిర్మించుకున్నాడు. సంగీతకారులు, వంటవారు, పనివారు వేలాదిగా ఆయన చుట్టూ చేరారు.

నవాబు పోయాక ఆ కొలువు చెదిరిపోయింది. ఆస్తులు అమ్ముడుపోయాయి. కాని కుట్టుపని నిలిచింది. నేటికీ మటియాబుర్జ్ తూర్పు భారతంలోనే పేరుపొందిన సిద్ధదుస్తుల కేంద్రం. అక్కడ ఇంటింటా కుట్టుమిషన్లు నడుస్తాయి. పని చేయించే మేస్త్రీని ఓస్తాగర్ అంటారు. కత్తిరింపులో మిగిలిన పీలికలు కూడా వృథా పోవు. వాటిని ఏరి, జాతులుగా వేరుచేసి అమ్మడం ఒక వ్యాపారం. కాంథా పాత బట్టను వాడుకుంటే, ఈ వాడ కొత్త బట్టలోని మిగులును వాడుకుంటుంది.

రైలు తెచ్చిన తెలుగువారు

నవాబు కన్నుమూసిన 1887లోనే బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఏర్పడింది. ఆ కంపెనీ ప్రధాన కార్యాలయం తరువాత గార్డెన్ రీచ్‌కు చేరింది. 20వ శతాబ్దపు తొలి సంవత్సరాల నాటికి వాల్తేరు నుంచి కలకత్తా వైపు రైలుమార్గం ఏర్పడడంతో గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి ఎందరో తెలుగువారు ఖరగ్‌పూర్ రైల్వే కర్మాగారానికి, హుగ్లీ తీరపు జనపనార మిల్లులకు పనికోసం వెళ్ళారు. తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి కార్మిక నాయకుడిగా ఎదిగింది ఈ రైల్వే కార్మికుల మధ్యనే. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడినప్పుడూ కేంద్రం గార్డెన్ రీచ్‌లోనే ఉంది. 2003లో తూర్పు కోస్తా రైల్వేలో చేరేవరకు వాల్తేరు డివిజన్ దాని కిందే పనిచేసింది.

పనికి వెళ్ళిన కుటుంబం మూటలో ఏం కట్టుకుంటుంది? పెట్టె చిన్నదైనా బొంత తప్పదు. రైలుబోగీలో అది పరుపు, కొత్త ఊరిలో దుప్పటి, పిల్ల పుడితే పొత్తిగుడ్డ. పొరుగింటి బెంగాలీ ఆవిడ కాంథాకూ మన బొంతకూ తేడా కుట్టులో ఉండవచ్చు. అవసరంలో లేదు.

పొదుపుకూ ఒక హద్దు ఉంది

ఇక్కడ ఒక ముఖ్యమైన ప్రశ్న వేసుకోవాలి. పేదవారి పొదుపును మనం మెచ్చుకుంటాం. కాని పొదుపు చేయడానికి ముందు ఏదో ఒకటి మిగలాలి కదా? రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బెంగాల్ ఈ సత్యాన్ని చూసింది. 1943 కరువులో లక్షలాది మంది చనిపోయారు. ఆ ఏడాది డిసెంబరు 5న గార్డెన్ రీచ్‌ను ఆనుకొని ఉన్న కిద్దర్‌పూర్ రేవు మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. 1945 నాటికి బట్టకే కరువు వచ్చింది. కట్టుకోవడానికి చీర లేక స్త్రీలు ఇల్లు దాటలేని పరిస్థితి ఏర్పడింది. మాణిక్ బందోపాధ్యాయ ‘దుశ్శాసనీయ’ అనే కథ ఆ దుస్థితి గురించి రాసినదే. ఒంటిమీది చీరే చివరి చీర అయినప్పుడు బొంతకు పొర ఎక్కడినుంచి వస్తుంది? నేర్పు ఉంది, సూది ఉంది, కుట్టడానికి పాత బట్ట లేదు. పొదుపు లేమిని తట్టుకొనే ఉపాయమే గాని, లేమికి మందు కాదు.

రెండవ విషయం శ్రమ. ఒక మంచి కాంథాకు నెలలు, ఒక్కోసారి సంవత్సరాలు పడతాయి. ఇంటిపని ముగిశాక మధ్యాహ్నపు వేళ స్త్రీలు కుట్టిన ఆ గంటలకు ఎవరూ కూలి కట్టలేదు. కుట్టినవారి పేర్లూ చాలావరకు మిగలలేదు. గురుసదయ్ దత్ సేకరించిన కాంథాలతో కోల్‌కతా శివారులోని జోకాలో 1963లో ప్రజల కోసం తెరిచిన ప్రదర్శనశాల ఆ కొరతను కొంత తీర్చింది. అక్కడ మానదాసుందరి అనే స్త్రీ తన పేరు కుట్టుకొన్న కాంథా ఉంది. 2008లో పశ్చిమ బెంగాల్ నక్షీ కాంథాకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఒకప్పుడు ఇంటి చలికి కుట్టినది నేడు కొత్త పట్టుబట్ట మీద అమ్మకానికి కుడుతున్నారు. కుట్టే చేతికి న్యాయమైన వాటా అందితేనే ఈ మార్పు మేలు చేసినట్టు.

ఈ చలికాలంలో మీ ఇంట్లో పాత బొంత ఉంటే ఎండకు వేసే ముందు ఒకసారి దాని పొరలు పరిశీలించండి. ఏ పొర ఎవరి చీరో, ఏ ఏడాది కొన్నదో ఇంట్లోని పెద్దలను అడిగి రాసుకోండి. ఏ గ్రంథంలోనూ దొరకని మీ కుటుంబ చరిత్రకు అదే మొదటి పుట అవుతుంది.